పక్కూళ్ళ దండకం

పక్కూరా, నీకు దండం. గైడు పుస్తకం మొదటి పేజీలో చోటు దొరకని ఊరా, విమానం టికెట్టు మీద పేరు పడని ఊరా, ఇండియా నుంచి చుట్టాలొస్తే చూపించాల్సిన జాబితాలోకి ఎన్నడూ ఎక్కని ఊరా, ముందుగా నీకే దండం. క్యోటోని పాడేవాళ్ళు కోటిమంది. ఫూజీ కొండకి హారతి పట్టని కెమెరా లేదు. టోక్యో గొప్ప టోక్యోయే చెప్పుకుంటుంది. నేను నిన్ను పాడతాను. ముప్పావుగంట రైలు దూరంలో, పొద్దున వండిన అన్నంలో రాత్రి తిరిగొచ్చి పెరుగు కలుపుకునేంత దగ్గరలో ఉన్నదానివి నువ్వు.

నేనుండేది కరియాలో. ఐచి ప్రాంతంలో, నాగోయాకి కాస్త దిగువన, కార్ల విడిభాగాలు తయారుచేసే ఊరు. ఉద్యోగం ఎక్కడ పడేస్తే అక్కడ పడ్డాం, ఆ ఊరు మా ఎంపిక కాదు. దాని చుట్టుపక్కల ఊళ్ళు మాత్రం నేను ఏరికోరి తెచ్చుకున్నవి. చూడవచ్చినవాళ్ళు దూరాలకు పోతారు. కాపురమున్నవాళ్ళు పక్కూరికి పోతారు. పరాయి దేశం ఏ రోజున మనదవుతుందో తెలీదు గాని, శనివారం పొద్దున్నే చేతిలో గొడుగూ, సంచిలో రెండు పులిహోర పొట్లాలూ పెట్టుకుని, హోటలు బుకింగు లేకుండా, పాస్‌పోర్టు కాగితాల బెంగ లేకుండా రైలెక్కిన రోజున ఆ లెక్క మొదలవుతుంది.

మేయితెత్సు వారి ఎర్ర రైలూ, నీకూ దండం. నాగోయాలో నీ స్టేషను నేలకింద ఉంది, ఉన్నవి రెండే పట్టాల దారులు. ఆ రెండింటి మీదుగానే అన్ని దిక్కుల బళ్ళూ నిమిషాల తేడాతో వస్తాయి, పోతాయి. ఒకటి గిఫుకి, వెనకే ఇంకోటి ఇనుయామాకి; ఎదుటి దారిలో తొయోహాషికి, తొకొనామెకి, విమానాశ్రయానికి. ప్లాట్‌ఫారం నేల మీద రంగుల గీతలు గీసి ఉంటాయి. ఏ దిక్కు బండి అయితే ఆ రంగు దగ్గర బారు తీరాలి. బడిపిల్లలు తలెత్తకుండానే తమ రంగు మీదికి వచ్చి నిలబడతారు. కొత్తవాళ్ళు మాత్రం బోర్డునీ, నేలనీ, పక్కవాళ్ళ మొహాన్నీ మార్చి మార్చి చూస్తారు. ఇన్ని ఊళ్ళని రెండు దారుల్లో ఇమిడ్చిన ఆ ఇరుకుకి ఏ కావ్యంలోనూ చోటుండదు కాబట్టి ఇక్కడే మొక్కుతున్నాను.

సోమవారం ఆఫీసులో అడుగుతారు, సెలవుల్లో ఎక్కడికెళ్ళారని. ఒకాజాకి అంటాను. "అక్కడేముందండీ?" అంటాడు పక్క సీటాయన. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఒకాజాకిలోనే. ఈ ప్రాంతం వాళ్ళంతా ఇంతే. మా ఊళ్ళో చూడ్డానికేమీ లేదు అనడం వీళ్ళకి మర్యాదో, నమ్మకమో ఇప్పటికీ అంతుపట్టలేదు. 2016లో నాగోయా నగరపాలక సంస్థ ఎనిమిది పెద్ద నగరాల మీద సర్వే చేయిస్తే, ఆకర్షణలో అట్టడుగున నిలిచింది నాగోయాయే. తన డబ్బుతో తన పరువు కొలిపించుకుని ఆ ఫలితాన్ని బయటపెట్టిన ఊరిని ప్రేమించకుండా ఎలా ఉండడం?

ఒకాజాకీ, నీకు దండం. దేశాన్నేలిన తొకుగావా ఇయెయాసు 1543లో పుట్టిన కోట నీది. ఇప్పుడున్నది 1959లో కాంక్రీటుతో కట్టింది, దానికో చిన్న నమస్కారం. పెద్ద నమస్కారం దాచుకున్నది అక్కడినుంచి పడమరగా 870 మీటర్లు నడిచాక ఉన్న రెండు పాత ఇళ్ళకి. ఎదో అనే పాత టోక్యోకీ, క్యోటోకీ నడుమ మనుషులు కాలినడకన తిరిగిన తొకాయిదో బాట మధ్యన పోతుంటే, అటొకటి ఇటొకటి, వందల ఏళ్ళుగా ఎదురెదురుగా నిలబడి హాచ్చో మిసో వేస్తున్న ఇళ్ళవి. సోయా గింజలు, ఉప్పు, నీళ్ళు, అంతే. బియ్యం కలపరు, బార్లీ కలపరు. లోపలికి వెళితే చీకటి కొట్టులో ఆరడుగుల ఎత్తు చెక్క తొట్లు వరసగా ఉంటాయి, ఒక్కొక్క దాంట్లో ఆరు టన్నుల ముద్ద. మూత మీద ఏటి రాళ్ళు, మూడు టన్నులు. యంత్రంతో కాదు, మనిషి చేత్తో ఒక్కొక్కటీ ఎత్తి, తిప్పి చూసి, ఏ రాయి వీపు ఏ రాయి ఒళ్ళో సర్దుకుంటుందో ఆలోచించి శంఖు ఆకారంలో పేరుస్తాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. పెద్ద రాళ్ళు అడుగున, గుప్పెట్లో పట్టేవి సందుల్లో. భూకంపం వచ్చినా జారవని చెప్పేవాళ్ళ గొంతులో బడాయి వినబడదు. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు, రెండు చలికాలాలు ఎవరూ తొందరపెట్టరు. బరువు తన పని తాను చేసుకుపోతుంది.

బయటికొచ్చాక చెంచాడు రుచి చూపిస్తారు. నలుపు తిరిగిన ఎరుపు. మొదట వగరు, తర్వాత చిన్న చేదు, ఆ తర్వాత చాలాసేపు వదలని ఒక కమ్మదనం. మిసో కలిపిన ఐస్‌క్రీం కూడా అమ్ముతారు, దాన్ని పొగడను, తిట్టను. శాకాహారులకు ఒక మాట: ముద్దగా ఉన్నంతసేపే అది మనది, సూపుగా మారేటప్పుడు అందులోకి చేప రసం వచ్చి చేరుతుంది. ఇంటికి తెచ్చుకుని మనమే కాచుకోవాలి. మా ఇంట్లో టమాటా చారులోకి అరచెంచా వేస్తాం. ఎలా ఉందని మాత్రం అడక్కండి, ఎవరికీ చెప్పకుండా తింటున్నాం.

ఇచినోమియా, నీకు దండం. రంపం పళ్ళలాంటి కప్పులున్న నేతశాలలు నీ సందుల్లో ఇంకా కనబడతాయి. ఆ పళ్ళకు అద్దాలు ఉత్తరం దిక్కునే బిగించారు. ఉత్తరపు వెలుతురు పొద్దంతా ఒక్కలా ఉంటుంది గనక ఉన్ని బట్ట రంగులో తేడా అందులోనే కనిపెట్టగలరు. మగ్గాల మోతలో బేరాలు కుదరక, వ్యాపారులు కొనుగోలుదారుల్ని పక్కనున్న కాఫీ హోటలుకి తీసుకెళ్ళేవారట. రోజూ వచ్చేవాళ్ళకి కాఫీతోపాటు ఉత్తపుణ్యానికి ఓ ఉడకబెట్టిన గుడ్డో, రొట్టెముక్కో పెట్టడం అలా అలవాటైందని ఈ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. తొయోహాషి వాళ్ళు ఒప్పుకోరు, అది తమ దగ్గరే మొదలైందంటారు. ఆ తగువు వాళ్ళది, టోస్టు మనది. వెన్న రాసిన టోస్టు మీద అజుకి గింజల తీపి ముద్ద పరిచి ఇస్తారు, కాఫీ డబ్బులకే. ఒక కొట్లో కప్పు పెడుతూ "ఇండియానా?" అని అడిగిన పెద్దావిడ, ఔనన్నాక ట్రే బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ గాల్లో ఆడించి "నాటు నాటు" అంది. 2022 అక్టోబరులో జపాన్ థియేటర్లలోకి వచ్చిన ఆ సినిమా మన పాట ఒకదాన్ని ఇంత దూరం మోసుకొచ్చింది. ఆవిడ స్టెప్పు తప్పు. తాళం మాత్రం సరిగ్గా ఉంది.

తజిమీ, నీకు కూడా. 2007 ఆగస్టు 16న 40.9 డిగ్రీలు నమోదై దేశంలోనే అప్పటివరకూ లేనంత వేడి ఊరుగా పేరు మోసి, ఆ వేడినే ఊరి చిరునామాగా మార్చుకున్నావు. రెంటచింతల వాళ్ళు వింటే చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. కాని ఆ ఉక్క వేరు, ఆ గాలిలో తడి వేరు, మాటకి మాట చెప్పాలి. ఆ ఎండలో చెమటోడ్చి చేరుకోవాల్సింది కసహారాలోని మొజాయిక్ టైల్ మ్యూజియం. ఆర్కిటెక్టు ఫుజిమోరి తెరునోబు గీసిన భవనం, 2016లో తెరిచారు. మట్టి తవ్వుకునే కొండని అడ్డంగా కోసి నిలబెట్టినట్టుంటుంది, తలుపేమో బొమ్మరింటి తలుపంత. లోపల స్నానశాలల గోడలు, అంట్లు తోముకునే తొట్లు, వీధి పంపుల గట్లు, ఎవరో కూల్చేస్తుంటే పారేయబుద్ధికాక ఏరి తెచ్చిన టైళ్ళు. ఇంటింటా కాళ్ళకింద ఉండి ఎవరి కంటా పడని వస్తువుకి ఇంత కొండ కట్టారు.

ఇక తొకొనామె. ఊపిరి పీల్చుకుని పాడాల్సిన పేరు.

జపాన్‌లో ఆరు పాత కుమ్మరి కేంద్రాలుంటే అందులో ఒకటి నువ్వు. నీ సముద్రంలో దీవి పోసి 2005లో విమానాశ్రయం తెరిచారు గనక, ఈ ప్రాంతానికి ఎగిరొచ్చే తెలుగువాళ్ళందరం ముందు కాలుపెట్టేది నీ గడప మీదే. అయినా పెట్టెలు లాక్కుంటూ నిన్ను దాటి వెళ్ళిపోతాం. వెనక్కి తిరిగి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. తిరిగొస్తే కొండ మీదికి పోయే సందులో గోడలే కుండలు. ఒకవైపు మెయిజీ కాలం నాటి మట్టి గొట్టాలు, ఊళ్ళ మురుగు మోయడానికి చేసినవి, గుండ్రటి నోళ్ళు బయటికి పెట్టి పేర్చారు. ఇంకోవైపు సారాయి జాడీలు, బోర్లించి, వరస మీద వరస. కాలికింద దారిలో కూడా మట్టి వలయాలు పాతారు. గొట్టాలు కాల్చేటప్పుడు కింద పెట్టి, పని అయ్యాక పారేసే తుక్కు అది. వానలో ఆ వలయాలు పట్టు ఇస్తాయి, చెప్పు జారదు. తుక్కుని ఇంత తెలివిగా వాడుకున్న వీధి నేను వేరే చూడలేదు. కొంచెం పైకి వెళితే 1887లో కట్టిన మెట్ల బట్టీ. 1974 దాకా మండింది. వెనక పది పొగగొట్టాలు, చివర్లవి పొడుగు, నడిమివి పొట్టి, లోపల మంట అంతటా సమంగా లాగడానికి.

ఒక కొట్లో ఎర్రమట్టి టీ కూజా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పూత లేదు, మెరుపు లేదు, మట్టి రంగే రంగు. మూత తీసి లోపలికి చూస్తే ముక్కు మొదట్లో చిల్లుల జల్లెడ ఉంది, ఇనుప తీగ కాదు, అదీ మట్టే. పుల్లతో పొడిచిన చిల్లులు, ఒక్కొక్కటీ ఆవగింజంత. మూతని అంచు మీద పెట్టి మెల్లగా తిప్పితే గరగర లేకుండా కూర్చుంటుంది. కొట్టాయన నా చేతుల్ని చూస్తున్నాడు, నా మొహాన్ని కాదు. చేతులు జాగ్రత్తగా ఉన్నాయని తేలాక ఇంకో రెండు కూజాలు తీసి ముందు పెట్టాడు. కొనమని ఒక్కమాట అనలేదు. కొన్నాను. కొండ చివర గోడ పైనుంచి తొంగిచూసే పెద్ద పిల్లి తల, 3.8 మీటర్ల ఎత్తుది, అందరూ ఫొటో తీసుకునేది, దానికి చేయి ఊపి దిగొచ్చాను.

నాగరా నదీ, గిఫూ, మీ ఇద్దరికీ కలిపి. స్టేషను ముందు బంగారు పూత పూసిన, పాతకాలపు సేనాని నొబునాగా విగ్రహం ఉంది, అది ఊరి సరదా. సత్యం చీకటి పడ్డాక నది మీద ఉంటుంది. మే 11 నుంచి అక్టోబరు 15 దాకా, ఏరు పొంగిన రాత్రులూ శరత్ పున్నమీ వదిలేసి, ఆరు పడవలు దిగుతాయి. ముక్కున ఇనుప బుట్టలో పైన్ కట్టెల మంట. నల్ల బట్టలు, నడుముకి గడ్డి దట్టీ, తలకి నారబట్ట కట్టిన వేటగాడు ఎడమచేతిలో పదీ పన్నెండు తాళ్ళు పట్టుకుని నిలబడతాడు. ప్రతి తాడు చివరా ఒక నీటికాకి. అవి మునుగుతాయి, తేలతాయి, ఒకదాని కింద నుంచి ఒకటి దూరతాయి, తాళ్ళు పెనవేసుకుంటాయి, అతని కుడిచెయ్యి చూపులేకుండానే ఆ పెనల్ని విప్పుతూ ఉంటుంది. నిప్పురవ్వలు నీళ్ళలో రాలి చుయ్‌మంటుంటాయి. ఆఖరున ఆరు పడవలూ నదికి అడ్డంగా ఒక్క వరసగా వచ్చి చేపల్ని మెరకకు తోలతాయి, అప్పుడు "హో, హో" అనే అరుపులకి గట్టు అదురుతుంది. ఈ వేటకి 1300 ఏళ్ళ చరిత్ర ఉందంటారు. చక్రవర్తి కొలువు ఉద్యోగులుగా వేటగాళ్ళ ఇళ్ళు తరాలుగా ఈ పని చేస్తున్నాయి. చార్లీ చాప్లిన్ రెండుసార్లు వచ్చి చూశాడు.

పక్షి గొంతుకి కట్టిన తాడు సంగతి దాచి పాడటం నాకు ఇష్టం లేదు. చిన్న చేపలు దిగుతాయి, పెద్దవి దిగవు, ఆ పెద్దవే మనిషివి. చూస్తున్నంతసేపూ నా గొంతు దగ్గర ఏదో అడ్డం పడింది. పడవ ఒడ్డుకొచ్చాక ఆ మనిషి ఒక్కో పక్షినీ మెడ దగ్గర చేత్తో నిమిరి, బరువు చూసి, బుట్టలో జతలు చెడకుండా కూర్చోబెట్టడం కూడా చూశాను. రెండూ నిజమే. ఒకటి చూసి రెండోది కొట్టేయలేను.

గుజో హచిమాన్, కొండల మధ్య నీళ్ళ ఊరా, నీకు పొర్లుదండాలు. నీ ఇళ్ళ ముందు ఊటనీటి తొట్లు మెట్లమెట్లుగా ఉంటాయి. పై తొట్టి తాగడానికి. అందులోంచి పొర్లిన నీళ్ళు రెండోదాంట్లో పడతాయి, అక్కడ కూరలూ పళ్ళూ కడుగుతారు. దాని కిందది గిన్నెలకి. గిన్నెల్లోంచి జారిన మెతుకులు కాలవలోని చేపలకి. ఎవరూ చీటీ రాసి అంటించలేదు. పై తొట్లో అంట్లగిన్నె ముంచేవాడు పుట్టలేదు.

ఆకలేసే ఇంకో సంగతి: దేశమంతా హోటళ్ళ అద్దాల వెనక మెరిసే ఉత్తుత్తి వంటకాలున్నాయే, వాటికి దారి వేసిన ఇవాసాకి తకిజో ఈ ఊరివాడే. 1932లో ఒసాకాలో ఆ వ్యాపారం మొదలుపెట్టాడు. ఇప్పుడిక్కడ ఎవరైనా పోయి చేసి చూడొచ్చు. గోరువెచ్చని నీళ్ళ మీద తెల్ల మైనం, దాని పక్కనే పచ్చ మైనం పల్చగా పోయాలి. అంచు రెండు చేతులా పట్టుకుని నీళ్ళలోకి లాగితే పొర సాగి ముడతలు పడుతుంది, ముడతని ముద్దగా చుడితే లెట్యూస్ ఆకుల గడ్డ. నిమిషం కింద రంగునీళ్ళు. ఇప్పుడు ఉప్పు చల్లుకుని తినబుద్ధవుతుంది.

ఆగస్టు 13 నుంచి నాలుగు రాత్రులు నీ వీధుల్లో తెల్లవారే దాకా ఆట. వేసవంతా ముప్పై రాత్రుల పైనే ఆడతారు గాని ఈ నాలుగూ నిద్ర ఉండదు. నడివీధిలో చక్రాల మంటపం, దాని మీద పాటగాళ్ళు, చుట్టూ జనం వలయం. చూసేవాళ్ళంటూ విడిగా ఉండరు. చెక్క చెప్పులు తారురోడ్డు మీద ఒక్కసారిగా పడతాయి, టక్, ఆగి, టక్ టక్. నా వెనకున్న ముసలామె నా మోచేయి పట్టుకుని ఎంత ఎత్తాలో అంతే ఎత్తి వదిలేసింది, పలకరింపు లేదు, నవ్వు లేదు, నా చెయ్యి తప్పితే వలయం కుంటుతుంది, అంతే ఆవిడ బాధ. పూర్వం ఏలిక ఒకాయన రైతూ, వర్తకుడూ, కత్తి కట్టినవాడూ కలిసి ఆడాలని దీన్ని ప్రోత్సహించాడంటారు. మూడుగంటల వేళ నా కుడిపక్కన పంచాయతీ గుమాస్తా ఉన్నాడో, పళ్ళ డాక్టరున్నాడో తెలీదు. అందరి మడమలూ ఒకేలా కాయలు కాశాయి.

ఇనుయామా, 2004 దాకా ఒక కుటుంబం సొంత ఆస్తిగా ఉండిన నీ కోటకీ, నిచ్చెన అనక మెట్లు అన్న నీ ధైర్యానికీ దండం. ఒగాకీ, 1689లో కవి బషో పెద్ద నడక ముగించిన నీ రేవుకి దండం. ఇసే, ఇరవై ఏళ్ళకోసారి గుడిని పక్క స్థలంలో సరికొత్తగా కట్టుకునే నీకు దండం. నీ దగ్గరికి దేశమంతా వస్తుంది, నా పాట నీకక్కర్లేదు.

యోక్కాయిచీ, నీ దగ్గర గొంతు తగ్గిస్తాను. రాత్రి పడవలో తీసుకెళ్ళి పెట్రోకెమికల్ కర్మాగారాల దీపాలు చూపిస్తారు, నీళ్ళ మీద బంగారం పోసినట్టుంటుంది. ఆ పొగగొట్టాల కిందే 1960లలో పిల్లలు మాస్కులు కట్టుకుని బడికెళ్ళారు. ఉబ్బసంతో ఊపిరాడని తొమ్మిదిమంది 1967లో ఆరు కంపెనీల మీద దావా వేశారు, 1972 జూలై 24న గెలిచారు. నీ మ్యూజియంలో ఆ రోజుల గదులున్నాయి, రోగుల మాటలున్నాయి. అందం అమ్ముకునే ఊరు తన దగ్గుని కూడా అద్దాల పెట్టెలో పెట్టుకుంది. దీపాలు చూడ్డానికి వచ్చేవాళ్ళు పగలే వచ్చి ముందు ఆ గదులు తిరగాలని నా మనవి.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడుగుతుంది, "ఏం నాన్నా, ఇంకా టోక్యో చూడలేదా? ఎదురింటి వాళ్ళబ్బాయి వచ్చిన వారానికే చూశాడట." చూస్తానమ్మా అంటాను. అబద్ధం కాదు, ఎప్పుడో చూస్తాను. ఈలోగా పక్కూళ్ళు అయిపోవాలి కదా. అయ్యేట్టు లేవు. ఒక ఊరికి పోతే దాని పక్కన ఇంకోటి ఉంటుంది.

వచ్చే శనివారం సెకి. కామకురా కాలం నుంచీ కత్తులు చేస్తున్న ఊరు, ఇప్పుడు వంటింటి కత్తులూ మంగలి కత్తులూ చేస్తోంది. చక్రవర్తి కొలువు వేటగాళ్ళు మరి ముగ్గురు అక్కడి ఒజెలో ఉన్నారు, వాళ్ళ పడవలూ చూడాలి. మినో-ఓతాలో దిగి నాగరగావా రైల్వే వారి చిన్న బండి ఎక్కాలి. మా ఇంట్లో కత్తి ఇక్కడి గుమ్మడికాయల చేతిలో ఓడిపోయి పిడి ఊగుతోంది. కొత్తది కొనాలి, కందా గుమ్మడీ రెండూ తెగేది. అలాంటి చిన్న ఊళ్ళలో కొట్లు అయిదింటికే కట్టేస్తారు, కాబట్టి పొద్దున ఏడున్నర బండి తప్పకూడదు.